సందేహాలు తీరేదాకా

ఒకానొక రాజ్యంలో రాణిగారు ఆడపిల్లలకు బడి పెట్టించారు. అక్కడి పంతులు భీమశంకరంగారు ఓ నియమం పెట్టారు. పిల్లలకు సందేహాలున్నంతసేపూ పాఠం సాగాలి, పాఠం ముగిసేదాకా ఎవరూ పెరట్లోకి వెళ్లకూడదు. కిందటి వారం ఒక పిల్ల పరికిణీ తడుపుకుంది. ఆ సిగ్గుతో మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఇవాళ ఆ గతి సాలెవారి నీలాలుకు పట్టేలా ఉంది. పళ్లు బిగబట్టి, "పంతులుగారూ, ఒక్కసారి..." అంది.

"కూర్చోవే! ఆడపిల్లలకు ఓర్పుండాలి," అన్నారాయన. తనిఖీకొచ్చిన దివానుగారి వైపు తిరిగి, "నియమం నాకూ వర్తిస్తుందండీ!" అంటూ మూడో చెంబు మజ్జిగ ఎత్తారు.

నీలాలు ఆ చెంబుకేసి చూసింది. పాఠం నదుల గురించి.

"సందేహమండీ. నదికి అడ్డుకట్ట వేస్తే నీళ్లేమవుతాయి?"

ఆయన చెప్పారు.

"పైనుంచి ఇంకా వస్తుంటే?"

అదీ చెప్పారు. నీలాలు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంకో క్షణం ఆగగలదో లేదో తనకే తెలియదు. అయినా అడుగుతూనే ఉంది. పదో ప్రశ్నకు పంతులుగారి నుదుట చెమట పట్టింది.

"ఇంకా ఉన్నాయా, తల్లీ?"

"ఒక్కటేనండి. ఇలా బిగబట్టుకు కూర్చున్నవాళ్లకు పాఠం ఎక్కుతుందా?"

"ఎక్కదు! ఒక్క ముక్క ఎక్కదు!"

"అయితే నియమం రద్దు. అవసరమైనవాళ్లు వెళ్లొచ్చు," అన్నారు దివానుగారు.

పంతులుగారు పంచె ఎగ్గట్టి పరుగెత్తారు. పెరట్లో ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి. దానికి అప్పటికే లోపల గడియ పడింది.