పోయిరాగట్టుకు ఆ పేరు వచ్చిన వైనం

సముద్రపు ఒడ్డున ఉప్పు మడులు దాటి ఉత్తరంగా నడిస్తే ఎర్రమట్టి గట్టు ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఇటుకల స్తూపం, పక్కనే చిన్న బుద్ధాలయం. అదే పోయిరాగట్టు. ప్రతి పున్నమికీ చుట్టుపక్కల బడుల పిల్లలు బుద్ధుడి సంగతులు తెలుసుకోవడానికి బిలబిలమంటూ ఇక్కడికి వస్తారు. ఇంత చక్కని చోటికి సాగనంపే పేరేమిటని యాత్రికులు అడుగుతూనే ఉంటారు. అడగాలి మరి! ఆ పేరు వెనక ఒక తల్లి పడ్డ గుండెకోత ఉంది.

పూర్వం ఇక్కడ గట్టు నిండా భిక్షువుల విహారం ఉండేది. కింద మడుగుపాలెంలో సూరమ్మ అనే ఆమె ఉప్పు మడుల్లో పనిచేస్తూ ఒక్కగానొక్క కొడుకు రేవన్నను పెంచుకునేది. ఆమె పెనిమిటి ఓడ ఎక్కుతూ "పోతున్నానే" అన్నాడు. "పోతున్నా అనకూడదయ్యా, పోయొస్తా అనాలి" అని ఆమె అనేలోపే ఓడ కదిలిపోయింది. మనిషి మళ్లీ రాలేదు. ఆనాటి నుంచి ఆ మాట ఎవరి నోట విన్నా సూరమ్మకు ఒళ్లు జలదరించేది.

ఊళ్లో అక్షరాలు నేర్పే ఒజ్జ ఒక పున్నమినాడు, ధర్మం తాటాకుల్లో చదివితే బుర్రకెక్కదు, విహారం కళ్లారా చూడాలంటూ పిల్లల్ని గట్టు మీదికి తీసుకువెళ్లాడు. మంచి ఆలోచనే, కాదనలేం. కానీ రేవన్న గడప దాటుతూ "అమ్మా, పోతున్నా" అని ఒక్క పరుగు తీశాడు. సూరమ్మ చేతిలోని పార జారిపోయింది. వెనక్కి పిలిస్తే అపశకునమని పిలవనూ లేదు.

పొద్దంతా ఆమె మనసు మనసులో లేదు. పక్క మడిలో పనిచేసే వీరమ్మ ఊరుకుందా! "కుదురైన పిల్లవాడు కనిపిస్తే చాలట వదినా, గుండు గీసి కాషాయం కట్టేస్తారట" అని మరింత భయపెట్టింది. ఎండ వాలేసరికి పిల్లలంతా తిరిగొచ్చారు. రేవన్న రాలేదు. "వెనకాలే ఉన్నాడనుకున్నానమ్మా" అని ఒజ్జ నీళ్లు నమిలాడు.

సూరమ్మ తడి కొంగుతోనే గట్టుకు పరుగెత్తింది. దారిలో మంగలి కత్తుల పొది చంకన పెట్టుకుని దిగివస్తున్నాడు. ఆమె అతనికి అడ్డం వెళ్లి నిలబడింది.

"ఎవరి తల గీశావు నాయనా? మా వాడికి నుదుటి మీద మచ్చ ఉంటుంది..."

"పున్నమికి భిక్షువులంతా గీయించుకుంటారు కదమ్మా, బోలెడు తలలు. మొహాలు ఎక్కడ చూస్తాను?" అని అతను తన దారిన పోయాడు.

ఓరి నీ అసాధ్యం కూలా, ఒక్క మాట సరిగ్గా చెబితే నీ సొమ్మేం పోయింది! ఒజ్జనీ మంగలినీ కలిపి తిట్టుకుంటూ ఆమె పైకి ఎక్కింది.

విహారం అరుగు మీద రేవన్న కూర్చుని ఉన్నాడు. జుట్టు జుట్టులాగే ఉంది. పక్కన ముసలి ఆచార్యుడు గుణసేనుడు, ఎదుట మడతపెట్టిన కాషాయం. జరిగిందేమంటే, ధర్మం విన్న పిల్లవాడు తానూ భిక్షువునవుతానని పట్టుబట్టాడు. "ఇంట్లో చెప్పి వచ్చావా?" అని ఆచార్యుడు అడిగితే "చెప్పాను, పోతున్నా అని" అన్నాడు. ఆయనా తెలుగుగడ్డ మీద పుట్టినవాడే కదా! ఆ మాట వినగానే మంగలి దగ్గరికి పంపకుండా, "మీ అమ్మ వస్తుంది, కూర్చో" అన్నాడట.

సూరమ్మ కొడుకును రెక్క పట్టి లాగింది. ఆచార్యుడి మీదికి తిరిగింది.

"మీ బుద్ధుడు మాత్రం ఇంట్లో చెప్పి వచ్చాడా స్వామీ?"

ఆయన తల దించుకున్నాడు. "లేదు తల్లీ. భార్య నిద్రలో ఉండగా వెళ్లిపోయాడు. తరవాత కొడుకు రాహులుణ్ణీ సంఘంలో చేర్చుకున్నాడు. అప్పుడు ముసలి తండ్రి వచ్చి, ఈ బాధ ఎముకల దాకా దిగింది, ఇక ఏ తల్లిదండ్రులకూ ఇది వద్దని ఏడ్చాడు. అమ్మానాన్న ఒప్పుకోనిదే ఏ బిడ్డకూ కాషాయం ఇవ్వకూడదని బుద్ధుడే ఆనాడు నియమం పెట్టాడు. నీ మాట ఏమిటో చెప్పు."

"పంపను" అంది సూరమ్మ ఏడుస్తూ. ఆయన కాషాయం లోపల పెట్టేశాడు.

ఆ తరవాత రేవన్న ప్రతి పున్నమికీ "పోయొస్తా" అని చెప్పి గట్టెక్కేవాడు, చీకటి పడకముందే దిగేవాడు. సూరమ్మ అందాకా వాకిట్లోనే నిలబడేది. భయం పోయిందని అబద్ధమెందుకు చెప్పాలి! వాడికి మీసం వచ్చాక ఒకనాడు ఆమే గట్టెక్కి, కాషాయం అడిగి తీసుకుని కొడుకు చేతిలో పెట్టింది. "పోయిరా" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు పొద్దంతా పట్టిందట.

ఇప్పటికీ బడిపిల్లలు లోపలికి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర భిక్షువు ఆపి, "ఇంట్లో చెప్పి వచ్చారా?" అని అడుగుతాడు. పిల్లలు వెంట వచ్చిన తల్లుల వైపు తిరిగి "పోయొస్తా" అంటారు. తల్లులు "పోయిరా" అని బదులు చెప్పాకే రాహులుడి కథతో ఆనాటి పాఠం మొదలవుతుంది. ఇలా చెప్పి వెళ్లినవారు ఎంత దూరం పోయినా క్షేమంగా ఇల్లు చేరతారని ఇక్కడివారి నమ్మకం.

చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేని పిల్లలూ వస్తారు. వాళ్ల కోసం మడుగుపాలెం ఆడవాళ్లు ఆ రోజు మడుల్లోకి దిగకుండా గుమ్మం పక్కన కూర్చుంటారు. ఆ పిల్లలు వచ్చి తల వంచితే పేరు అడిగి, నెత్తిన చెయ్యి పెట్టి, "పోయిరా నాయనా, చూస్తూ ఉంటాను" అంటారు.