ముందు సణుగుడు

అరుంధతి మేడాన్ని ఏదైనా అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. "వెళ్ళి చూసిరా" అంటారు. ఎక్కడికి వెళ్ళాలో, ఏం చూడాలో చెబుతారు గాని ఎందుకో మాత్రం చెప్పరు. బాలికల పాఠశాలలో డ్రిల్ టీచరుగా రిటైరయ్యాక ఆమె కొండాపూర్‌లోని ఒక ఫిట్‌నెస్ స్టూడియోలో పొద్దుటి బ్యాచ్‌కి నేర్పుతున్నారు. వచ్చేవాళ్ళంతా మోకాళ్ళు అరిగినవాళ్ళు, నడుం పట్టేసినవాళ్ళు, ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెల్లగా కదలమన్నవాళ్ళు. ఆమె దగ్గరే పని నేర్చుకుని అదే స్టూడియోలో సాయంత్రం క్లాసు చెబుతున్న అమ్మాయి మేదిని. ఒకరోజు ఈ శిష్యురాలు గురువుగారిని సూటిగా ఒక ప్రశ్న అడిగింది.

ప్రశ్నలోకి వెళ్ళేముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాదులో ఇప్పుడు ఒళ్ళు కదిలించడానికి ఎన్ని రకాల క్లాసులున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. ఒకచోట చీకటి గదిలో రంగురంగుల దీపాల కింద ఎటూ వెళ్ళని సైకిళ్ళు తొక్కుతారు. ఇంకోచోట సీలింగుకి కట్టిన గుడ్డల్లో గబ్బిలాల్లా వేలాడతారు. ఏ హోటల్లో బిర్యానీ గొప్పదని వాదించుకునే జనమే ఇప్పుడు ఏ టీచరు క్లాసు గొప్పదని వాదించుకుంటున్నారు. ఆ వాదనల్లో మేదిని పేరు తరచుగా వినిపించేది. ఆమె క్లాసులో చోటు కావాలంటే బుకింగ్ మొదలయ్యే వేళకి ఫోన్ చేతిలో పట్టుకుని కాచుకోవలసిందే.

అది ఉత్త ప్రచారం కాదు. మేదిని నిజంగానే బాగా చెప్పేది. అందరి పేర్లూ ఆమెకు నోటికొచ్చు. నిన్న రానివాళ్ళను ఎందుకు రాలేదని పేరు పెట్టి అడిగేది. హాల్లో ఎదురుగోడ మీద "ఇక్కడ 'నా వల్ల కాదు' అనకూడదు" అని ఎర్రటి అక్షరాలు అంటించింది. క్లాసు అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టి ముక్తకంఠంతో "సూపర్" అని అరవాలి. ఆ అరుపు కింద పార్కింగ్ దాకా వినబడుతుందని వాచ్‌మన్ కూడా గర్వంగా చెప్పుకునేవాడు.

అరుంధతి మేడం క్లాసులో చప్పట్లూ లేవు, అరుపులూ లేవు. అక్కడ ముందు సణుగుడు జరుగుతుంది. ఆ పేరు ఆమె పెట్టిందే. చాపలు పరుచుకున్నాక ఒక్కొక్కరూ ఆ రోజు తమకు ఎక్కడ బాగాలేదో చెప్పుకోవాలి. రాత్రి నిద్రలేదని ఒకరు, మడమ గుచ్చుతోందని ఒకరు, నిన్న మీరు చేయించినదానివల్లే ఇలా అయిందని మరొకరు. ఆమె తలూపుతూ వింటారు. అందరి సణుగుడూ పూర్తయ్యాకే ఆ రోజు ఏం చేయాలో నిర్ణయిస్తారు. ఇదంతా చూసి మేదిని లోలోపల నొచ్చుకునేది. ఇంత గొప్ప టీచరుకి ఇదేం బ్యాచ్, ఒక్కరి మొహంలోనూ ఉత్సాహం లేదు అనుకునేది.

అయినా ఆ బ్యాచ్ మీదే మేదిని మనసంతా. సాయంత్రం పూట బలంగా ఉన్నవాళ్ళను గెంతించడం వేరు, పడి లేచినవాళ్ళను మళ్ళీ నడిపించడం వేరని ఆమెకు తెలుసు. తాను ఈ పనిలోకి వచ్చిందే దానికోసం. అరుంధతి మేడం ఎందుకో ఆ బ్యాచ్ వదిలేస్తానన్నారు. కారణం ఎవరికీ చెప్పలేదు. మేదినికి ఇవ్వడానికి ఓనరు సిద్ధంగానే ఉన్నాడు, మేడం మాత్రం ఊ అనడం లేదు.

"ఇంతమందికి నేనంటే ఇష్టం కదా మేడం. ఇంకా నాలో ఏం తక్కువైంది?" అని అడిగింది మేదిని. గొంతులో ఉక్రోషం దాచుకోలేకపోయింది.

"నీ క్లాసు అయ్యాక చెప్పుల స్టాండు దగ్గర ఏం జరుగుతుందో చూసిరా. నువ్వు వాళ్ళ కంటబడకు" అన్నారు మేడం.

స్టాండు స్టూడియో గుమ్మం బయట, లిఫ్టుకి ఎదురుగా ఉంటుంది. పక్కనే కాఫీ పెట్టుకునే చిన్న గది. దాని కిటికీలోంచి చూస్తే స్టాండు కనబడుతుంది. ఆ సాయంత్రం మేదిని అక్కడ నిలబడింది. జనం నవ్వుకుంటూ వచ్చారు, సెల్ఫీలు దిగారు, బూట్లు తొడుక్కున్నారు, వెళ్ళిపోయారు.

"ఏం చూశావు?" అన్నారు మేడం మర్నాడు.

"చెప్పులు చూశాను."

"రేపు కూడా చూడు."

మేదినికి ఒళ్ళు మండింది. కాని మేడం ఊరికే చెప్పరన్న నమ్మకం కూడా ఉంది. దాంతో కోపం కాస్తా కుతూహలంగా మారింది. ఈసారి మొహాలు చూడ్డం మానేసి కాళ్ళే చూసింది. ఒకాయన గోడ పట్టుకోకుండా బూటు వేసుకోలేకపోతున్నాడు. ఒకమ్మాయి భుజం తిప్పి చూసుకుని, పక్కవాళ్ళు చూస్తున్నారనుకుని చప్పున నవ్వేసింది. చిత్రంగా ఉందే అనుకుంటూ మేదిని కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

అప్పుడే కామాక్షి గారు బయటికొచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మేదిని క్లాసులో అందరికంటే గట్టిగా "సూపర్" అనే గొంతు ఆవిడదే. "మా మేదిని" అని ఊరంతా చెప్పుకుని, తన కాలనీ వాళ్ళను సగంమందిని లాక్కొచ్చి చేర్పించారు. అందరినీ లిఫ్టు ఎక్కించి, "మీరు పదండి, నేను ఫోన్ మాట్లాడి వస్తా" అని ఆవిడ ఆగిపోయారు. లిఫ్టు తలుపు మూసుకుంది. ఫోన్ బ్యాగులోంచి బయటికి రాలేదు. ఆవిడ మొహంలో నవ్వు మాత్రం పోయింది. ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో గోడ పట్టుకుని, మడమ దగ్గర తొక్కేసి ఉన్న బూట్లలోకి పాదాలు తోసుకున్నారు. ఎడమకాలు వంగడం లేదు. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటూ కళ్ళు మూసుకున్నారు.

మేదిని పరుగున వెళ్ళింది. "ఆంటీ, మోకాలా?"

కామాక్షి గారు ఉలిక్కిపడి గబగబా మళ్ళీ నవ్వు తెచ్చుకున్నారు. "ఏం లేదమ్మా. నువ్వింకా వెళ్ళలేదా?"

"ఎప్పట్నుంచి?"

ఆవిడ కాసేపు దాటవేసి, చివరికి ఒప్పుకున్నారు. "ఆ గుంజీల్లాంటివి కొత్తగా పెట్టావు చూడు, అప్పట్నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వంత ముద్దుగా పేరు పెట్టి పిలిచి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటుంటే ఎలా చెప్పనమ్మా? నువ్వు చిన్నబుచ్చుకోవూ?" అన్నారు కామాక్షి గారు. ఆ మాట ఎంతో ప్రేమగా అన్నారు. మేదిని కింద కూర్చుని, ఆవిడ బూట్లు తానే సరిగ్గా తొడిగి, ఇంటిదాకా దింపి వచ్చింది.

మర్నాడు సాయంత్రం హాలు గోడ మీద ఎర్రటి అక్షరాలు లేవు. పీకేసిన చోట జిగురు మరకలు మాత్రం మిగిలాయి. మేదిని పాటలు పెట్టకుండా ముందుకొచ్చి నిలబడి, "ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పండి" అంది.

"అంతా సూపర్ మేడం" అన్నారెవరో వెనకనుంచి. మేదిని మళ్ళీ అడిగింది. అప్పుడు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న కామాక్షి గారు చెయ్యెత్తి, "నా ఎడమ మోకాలు" అన్నారు. ఆ ఒక్క మాటతో కుళాయి విప్పినట్టయింది. భుజమని ఒకరు, మెడ అని ఒకరు. పేరు పెట్టి పిలుస్తుంటే కాదనలేక వంగుతున్నానని ఒకతను, ఇక్కడ మానేసి ఇంకోచోట చేరదామనుకున్నా మొహమాటంతో ఆగానని ఒకావిడ. మేదినికి మొదట ఏడుపొచ్చినంత పనైంది. కాని వింటున్నకొద్దీ ఆమెలో వేరే ఏదో మేలుకుంది. మెట్లెక్కేటప్పుడా, దిగేటప్పుడా? పొద్దున్న లేవగానేనా, కూర్చుని లేచాకా? ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మోకాలూ మడమా పట్టుకుని అడుగుతూ పోయింది. వాళ్ళను ఇన్నాళ్ళూ చూడనేలేదని ఆమెకప్పుడు తెలిసింది. చూస్తుండగానే క్లాసు సమయం సగం అయిపోయింది. మిగతా సగం కుర్చీలు పట్టుకుని చేసే తేలికపాటి కదలికలతో గడిచింది. చివర ఎవరూ "సూపర్" అనలేదు.

మర్నాడు పొద్దున్న మేడం దగ్గరికి మేదిని వాడిన మొహంతో వెళ్ళింది. "నా క్లాసు పాడైపోయింది మేడం. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయనైతే నా పాటల మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకుని వస్తున్నాడట."

అరుంధతి మేడం చాప చుట్టడం ఆపి తలెత్తారు. "నీ మొహం మీదే అన్నాడా?"

"మొహం మీదే అన్నాడు."

మేడం బ్యాగులోంచి హాలు తాళంచెవి తీసి మేదిని చేతిలో పెట్టారు. ఆ తర్వాత మెల్లగా గోడ పట్టుకుని లేస్తూ అన్నారు: "సోమవారం నుంచి నేను వెనక వరసలో కూర్చుంటా. నా కుడి తుంటి పట్టేసి చాలా రోజులైంది, ఎవరి దగ్గర సణగాలో తెలియక ఊరుకున్నాను."