మౌలాలి పట్టు

పిల్లల కుస్తీ పోటీలో గెలిచి వచ్చినప్పటి నుంచి మౌలాలి గోదాలో దిగడం మానేశాడు.

కుస్తీ నేర్పే తాలీంఖానాకు రోజూ వస్తాడు. గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మిగతా పిల్లలు ఎర్రమట్టిలో కలబడుతుంటే చూస్తాడు, ఇంటికి పోతాడు. వాడికి తొమ్మిదేళ్లు.

వాడికి కుస్తీ నేర్పిన జిలానీకి దిగులు పట్టుకుంది. ఇంత మంచి పిల్లవాడు చేజారిపోతాడేమోనని తన గురువు ఖాదర్‌షా దగ్గర మొరపెట్టుకున్నాడు. ఖాదర్‌షా దర్గా ఫకీరు. ఆ తాలీంఖానా పెట్టిన పెద్ద వస్తాదు కూడా ఆయనే.

"నేనేం తక్కువ చేశాను ఉస్తాద్? భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పాను. ఈ ఏడు మండలం, వచ్చే ఏడు జిల్లా, పన్నెండేళ్లకల్లా రాష్ట్రం అని కనబడినవాళ్లందరికీ చెప్పాను. లెక్క తప్పేం లేదే!"

"వాడేమంటాడు?"

"కడుపునొప్పి అంటాడు. నిన్న గట్టిగా అడిగితే, 'జిల్లాలో ఓడిపోతే కూడా నన్ను ఎత్తుకుంటావా అన్నా?' అన్నాడు. ఓటమి మాటెందుకురా, నువ్వు పులివి అన్నాను."

ఖాదర్‌షా చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. లుంగీ ఎగ్గట్టి గోదాలోకి దిగి, గోడ దగ్గర కూర్చున్న మౌలాలిని పిలిచాడు.

"మౌలాలీ! మొన్న పోటీలో ఆ పిల్లాణ్ణి ఎట్లా పడేశావురా? నేను రాలేదు కదా. నా మీద చేసి చూపించు."

"నువ్వు ముసలోడివి తాతా. నడుం విరుగుతుంది."

"విరిగితే మీ అన్న మోసుకుపోతాడులే. ఆయనకు అలవాటేగా."

పిల్లలు గొల్లుమన్నారు. మౌలాలికీ నవ్వొచ్చింది. లేచి వచ్చి ముసలాయన చెయ్యి పట్టాడు. గిర్రున తిరిగి, వీపు ఆనించి లాగాడు. ఆయన కదల్లేదు.

"ఉండు తాతా. అట్లా కాదు."

మళ్లీ పట్టాడు. ఈసారి ఖాదర్‌షా వాడి నడుం మీదుగా లేచి, దబ్బున మట్టిలో పడ్డాడు.

పడినవాడు గడ్డం నిండా మట్టితో లేచి కూర్చున్నాడు. "అబ్బ! ఎంత బాగుందిరా! ఇందాక లేనిది ఇప్పుడేం చేశావు?"

మౌలాలి రొప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. చేతులతో చూపించాడు, కాళ్లతో చూపించాడు. మాట మాటకీ వాడి గొంతు పెద్దదవుతోంది. ఆ పట్టు ఇంకో పిల్లవాడి మీద చూపించడానికి పరుగెత్తాడు.

జిలానీ గురువుకు నీళ్లచెంబు అందించి, గొంతు తగ్గించి అడిగాడు.

"కావాలనే పడ్డారు కదా ఉస్తాద్?"

ఖాదర్‌షా నీళ్లు తాగి చెంబు తిరిగి ఇచ్చాడు.

"రెండోసారి వాడు ఎడమకాలు ఎక్కడ పెట్టాడు?"

జిలానీ చెంబు పక్కన పెట్టాడు.

గోదా అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మౌలాలీ, ఇంకొక్కసారి చెయ్యవా? నీ ఎడమకాలు చూడలేదు నేను."