బుద్రి తెచ్చిన రాయి

అన్యాయం జరిగింది పాంగి బుద్రికి. కొండ మీద ఇటుకల పండగ, అదే చైత్రంలో చేసే వేట పండగ, వెళ్ళాక వచ్చిన చైత్ర అమావాస్య, గురువారం, సంత నిండుగా ఉన్న వేళ. చేసినవాడు దాలయ్య, సాన ఆదెమ్మగారి శిష్యుడు.

ఆదెమ్మ రాళ్ళకి సానపట్టే మనిషి. మొగుడు పోయాక చక్రమూ ఆమే తిప్పింది, ఎరుకంతా లేనిదేనని ఆయన చెప్పే అచల బోధా ఆమే చెప్పింది. ఘాటీ కింద రేగుపాలెంలో, సంత పక్కనే ఉన్న ఆమె ఇంటి వసారాలో పగలు రాళ్ళు అరిగేవి, సాయంత్రాలు తత్త్వాలు పాడేవారు. దాలయ్యకి రెండూ వచ్చు. వచ్చని అతనికి బాగా తెలుసు కూడా. చిక్కంతా అక్కడే.

బుద్రి తెచ్చింది తన సొంత రాయి కాదు. గూడెం దేవతది. పోడు కొడుతుంటే దొరికితే, తీసుకెళ్ళి దేవత ముందు పెట్టుకున్నారు. కోడిగుడ్డంత ఉంటుంది. ఒళ్ళంతా బూడిదరంగు పెచ్చు. ఒక్కచోట పెచ్చు ఊడి, లోపల వంకాయ పువ్వు రంగు. సానపట్టించి తెమ్మని గూడెమంతా నమ్మి బుద్రి చేతికిచ్చారు. ఆమె దాన్ని దాలయ్యకిచ్చి, ఏదో చెప్పి వెళ్ళింది. ఆదెమ్మ అప్పుడు పొరుగూరు వెళ్ళి ఉంది.

ఆ గురువారం బుద్రి వచ్చి చూసుకుంటే రాయి గంజినీళ్ళలా ఉంది.

"ఇది మాది కాదు బాబూ."

"మీదే."

"మాది నీలం."

"రంగు పూసి తెచ్చావు. సాన మీద ఊడిపోయింది."

"రాయికి రంగెవులేస్తారు బాబూ? మా రాయి మాకిచ్చీయ్."

"అంటే? నేను మార్చేశాననా?"

అంతే, లేచాడు. "చూడండయ్యా! దేవత పేరు చెప్పి దొంగరాయి తెచ్చింది. పైగా నన్ను దొంగంటోంది!" ఉప్పు అమ్మేవాడు నవ్వాడు. బట్టల కొట్టువాడు వచ్చి రాయిని చేతిలో అటూ ఇటూ ఎగరేసి, పెద్ద పరీక్ష చేసినవాడిలా తల ఊపాడు. కొండ మనిషికీ పల్లపు మనిషికీ తగువొస్తే ఆ సంతలో ఎవరూ నిజం అడగరు. ఎవరు ఏ ఊరో అడుగుతారు.

ఇక్కడే నాకు తల తిరుగుతుంది. బుద్రి అబద్ధం ఆడలేదు. దాలయ్యా ఆడలేదు. ఆమె రంగు పూయలేదు, అతను రాయి మార్చలేదు. ఇద్దరూ తాము నిజమనుకున్నదే చెబుతూ ఒకరి కంటికి ఒకరు దొంగలయ్యారు. కాకపోతే సంతలో అరిచే గొంతు ఒక్కరికే ఉంది.

బుద్రి ఆ తెల్లరాయిని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టు. దాన్ని పట్టుకెళ్ళి గూడెంలో ఏమని చెబుతుంది? సంత ఎత్తేసేదాకా వసారా ముందే కూచుని, ఉత్త చేతులతో కొండెక్కింది.

మర్నాడు పొద్దెక్కాక ఆదెమ్మ తిరిగొచ్చింది. దాలయ్య సాన ముందు పని లేకుండా కూచుని ఉన్నాడు.

"అమ్మా, రంగు ఎటు పోతుంది?"

"ఏ రంగు?"

చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతనికే అర్థం కాకుండా పోయింది. పూత అయితే చక్రానికి ఆనించగానే పోవాలి. సగం రాయి అరిగేదాకా నీలం తన కళ్ళతోనే చూశాడు. పోనీ, పుట్టురంగే అయితే అసలు పోకూడదు. రాలిన పొడి తెల్లగా ఉంది. చక్రం తెల్లగా ఉంది. చేతులు తెల్లగా ఉన్నాయి. నీలం ఎక్కడా లేదు.

"ఎంత ఆలోచించినా తెగట్లేదమ్మా."

"ఆ మనిషి ఏటైంది?"

"ఏ మనిషి?"

ఆదెమ్మ అతని మొహం వంక కాసేపు చూసింది. "సరే, రా. రంగే చూద్దాం."

పుల్ల కొసకి లక్క కరిగించి, దానికి రాయిని నిలువుగా అతికించింది. పెరట్లో ఎండ పడుతున్న రోలు మీద తడి మట్టిముద్ద పెట్టి, పుల్లని అందులో గుచ్చింది.

"దాన్ని తిప్పకు. నువ్వు తిరుగు. కళ్ళు రాయి ఎత్తున ఉండాల."

రోలు మోకాలెత్తు. దాలయ్య గొంతుక్కూచుని కప్పలా జరగాల్సి వచ్చింది. పక్కింటి సూరమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఓలమ్మో, గురువమ్మా! మీ వాడికి గాలేటైనా సోకిందేటి?"

"ఇప్పుడిప్పుడే దిగుతోందిలే," అంది ఆదెమ్మ.

ఎదురుగా తెలుపు. కాస్త పక్కకి జరిగాడు. తెలుపే, కొంచెం ఎండుగడ్డి ఛాయ. ఇంకాస్త జరిగి, రాయి అంచు ఎదటికి వచ్చేసరికి ఆగిపోయాడు. వంకాయ పువ్వు. చిక్కగా, నిండుగా.

వెనక్కి జరిగాడు. లేదు. ముందుకి జరిగాడు. ఉంది. లేచి పైనుంచి చూశాడు. అక్కడ ఇంకో రంగు, ఎండాకాలపు ఆకాశంలా వెలిసిన నీలం. మళ్ళీ కూచున్నాడు. చుట్టూ తిరిగాడు. తెలుపు, నీలం, తెలుపు, నీలం. మోకాళ్ళు పట్టేశాయి.

"ఎటూ పోలేదు," అన్నాడు సన్నగా. "ఇందులోనే ఉంది. మరి... అమ్మా, దీని అసలు రంగేది?"

ఆదెమ్మ చెంబుతో నీళ్ళు ముంచుకుంది.

నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది చెబుతాను. అది నీలమణి కాదు. ఒక సిలికేట్ ఖనిజం. శాస్త్రం దాన్ని కార్డియరైట్ అంటుంది, నగలవాళ్ళు అయొలైట్ అంటారు. పుట్టుక చూస్తే బురద. ఏ కాలంలోనో నీటి అడుగున పేరుకున్న బంకమట్టి భూమి లోతుకి దిగబడి, కొండల బరువు కింద, అక్కడి వేడిలో, కరగకుండానే ఉడికి స్ఫటికమవుతుంది. సిలికా, అల్యూమినియం, మెగ్నీషియం, ఒకింత ఇనుము. పలుగురాయి కంటే పిసరంత గట్టి. అయినా దెబ్బ తగిలితే విచ్చుకుంటుంది. లోపలి అల్లిక అన్ని వైపులా ఒకేలా ఉండదు. వెలుగు ఒక దారిన వెళితే నీలం మిగులుతుంది, ఇంకో దారిన వెళితే దాదాపు ఏమీ మిగలదు. అందుకే కోసేవాడు ముందు పెచ్చు తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, నీలం పైకి వచ్చేలా మొహం దిద్దాలి. దాలయ్య అది చూడలేదు. ఎటు కోస్తే రాయి పెద్దదిగా మిగులుతుందో అది చూసుకున్నాడు.

రోలు దగ్గర దాలయ్య లేచి నిలబడ్డాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. తప్పు చేసినవాడికి వేదాంతం తట్టినప్పుడు వెలుగుతుందే, ఆ వెలుగు.

"అర్థమైందమ్మా! రంగు రాతిలో లేదు. చూపులో ఉంది. నీలమూ ఎరుకే, తెలుపూ ఎరుకే. ఉన్నదంతా..."

ఆదెమ్మ చెంబులో నీళ్ళు అతని మొహాన కొట్టింది.

"అడ్డంగా కోసింది నువ్వు. మధ్యన ఎరుకేటి చేసిందిరా?"

నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. దాలయ్య తుడుచుకోలేదు.

"రాయి ఇచ్చేటప్పుడు ఆ మనిషి నీతో ఏటంది?"

"ఏదో అంది... కొండ మాట... మొహం అనో, పైకి అనో..." ఆగిపోయాడు. ఎంత వెతుక్కున్నా ఆమె పెదవులు కదలడం గుర్తొస్తోంది గానీ మాట రావడం లేదు. "వినలేదమ్మా."

ఆదెమ్మ లక్క ఊడదీసి, రాయిని గుడ్డపేలికలో చుట్టి అతని చేతిలో పెట్టింది. గడ్డంతో కొండ వైపు చూపించింది. ఇంట్లోకి వెళ్ళిపోయింది.

దాలయ్య గూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది. బుద్రి తన గుమ్మంలో ఒక్కతే ఉంది. ఆమె చేతి నీళ్ళు ఎవరూ పుచ్చుకోవడం లేదు. దేవత సొమ్ము సంతలో అమ్ముకుందన్నారు. ఇంకో వారం చూసి ఊరి నుంచి పంపేద్దామన్నారు. ఈ మాటలు దాలయ్యకి చెప్పింది గూడెం పెద్ద గాసి. ఎవరి మంచీ చెడూ తనకి అంటనట్టు చెప్పాడు.

దాలయ్య అందర్నీ పిలిపించాడు. గుడ్డ విప్పాడు. రాయి తెల్లగా ఉంది. జనంలో గొణుగుడు మొదలైంది. మెల్లగా తిప్పాడు. నీలం వచ్చింది. పిల్లలు కేక పెట్టారు. మళ్ళీ తిప్పితే పోయింది. ఒక ముసలామె భయపడి దణ్ణం పెట్టింది.

"రంగు పూసిందన్నది అబద్ధం," అన్నాడు దాలయ్య తల దించుకుని. "రాయి ఇదే. తప్పుగా కోసింది నేను."

"అయితే మన బుద్రి అబద్ధమాడలేదన్నమాట!" అన్నాడు గాసి, తనే కనిపెట్టినట్టు.

అందరి మొహాలూ విప్పారాయి. దాలయ్యకీ ఊపిరి తేలికైంది. బుద్రి వంక చూశాడు, ఒక నవ్వో, ఒక ఏడుపో వస్తుందని.

బుద్రి లేచి వచ్చింది. గూడేన్నంతా ఒకసారి చూసింది, చివర్న అతన్ని.

"నాను సెప్తే ఇన్నేదు. రాయి సెప్తే ఇన్నారు."

ఆమె అతని చేతిలోంచి రాయి తీసుకుని దేవత దగ్గరికి వెళ్ళింది. రెండు పలకల మధ్య నిలబెట్టింది. జనం వైపు తెలుపు.

"ఓలే, నీలం ఇటు పెట్టవే!" అని అరిచాడు గాసి.

"ఎవులికి కావాలో ఆలే తిరిగి సూడండి," అని బుద్రి పక్కనే చతికిలబడింది.

ముందు ముసలామె లేచింది. తరవాత ఒకరూ ఒకరూ. గాసి గొణుక్కుంటూ తిరిగాడు. అందరి వెనకా దాలయ్య. అటు పక్కకి వెళ్ళేసరికి రాతిలో నీలం నిండింది. దాని వెనక బుద్రి మొహం ఉంది. ఏది చూడాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. ఆమె అతన్ని కూచోమనలేదు, పొమ్మనలేదు.

మర్నాటి సాయంత్రానికి రేగుపాలెం దిగాడు. వసారాలో తత్త్వాలు పాడుతున్నారు. ఎప్పుడూ ముందు వరసలో గొంతెత్తేవాడు, వెళ్ళి స్తంభం వెనక కూచున్నాడు. పాడలేదు. ఆదెమ్మ ఓరకంట అతన్ని చూసింది. పాట అయ్యాక పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి గోడ మీద రాయడం మొదలెట్టింది.

"ఏటమ్మా అది?" అన్నాడు పాటలకొచ్చే ముసలి భక్తుడు పైడితల్లి.

"దాలయ్య నా దగ్గర శిష్యరికానికి చేరిన రోజు."

"ఆడు చేరి ఏళ్ళవలేదేటి?"

ఆదెమ్మ ఆ సాయంత్రపు తిథే రాస్తూ ఉంది: విరోధి నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ విదియ, శనివారం.