చేట దించిన కళ్లం

పూర్వం తూర్పుకొండల దిగువనున్న వెలగలపాడు గ్రామంలో లూదియమ్మ అనే భక్తురాలు, భర్త గతించిన పిమ్మట, అత్తగారినీ పసిబిడ్డలనూ పోషించుకుంటూ కౌలుచెక్కలో జొన్న పండించుకొని జీవించేది. ఆ యేడు గ్రామసంఘం దానియేలు అనే ఉపదేశిని సువార్త నిమిత్తం కొండగూడేనికి సాగనంపింది. గూడెం ప్రజలు పోడు పనుల నుండి మరలివచ్చే సాయంసమయంలోనే తాను వాక్యం చెప్ప నిలబడతాననీ, ఆ వేళకు దిగువన అందరూ మోకరించి తన కొరకూ ఆ ప్రజల కొరకూ దైవాన్ని వేడుకోవాలనీ ఆయన యాచించగా, సంఘమంతా ఏకకంఠంతో సరేనన్నది. సరేననడానికి మనవారెన్నడూ వెనుకాడరు. కోతలు వచ్చాయి, నూర్పిళ్లు వచ్చాయి, ఒక్కొక్కరే ఆ వేళను మరిచారు. చివరకు లూదియమ్మ ఒక్కతే మిగిలింది.

నూర్చిన జొన్న కళ్లంలో ఉండగా గాలి స్తంభించింది. తూర్పారపట్టే వీలులేక ఆమె దినదినమూ చేటతో నిలబడి ఎదురుచూసేది. ఒకనాడు పడమట అకాలమేఘం కమ్ముతుండగా, సరిగ్గా పొద్దువాలే వేళకు, చక్కని గాలి లేచింది. ఎత్తిన చేటను లూదియమ్మ దించి, కళ్లంలోనే మోకరించింది.

అత్తగారు సంతోషమ్మకు ఒళ్లు మండింది. "గాలిని మళ్లీ రమ్మంటే వస్తదటే? దేవుడు ఎప్పుడు పిలిచినా పలుకుతాడు. ముందు గింజలు చూడు, పిల్లలు తినేది అవే."

"ఊళ్లో అందరూ మానేశారత్తా. నేనూ మానేస్తే ఆయన అక్కడ ఒంటరైపోతాడు."

ఆమె నిబ్బరంగా ప్రార్థించిందని చెప్పలేము. బిడ్డల కంచాలు కళ్లముందు మెదిలి ఏడుస్తూనే ప్రార్థించింది. లేచేసరికి గాలి పోయింది, వాన వచ్చింది. తడిసిన జొన్న మొలకెత్తి ముక్కిపోయింది. ఊరివారు పిచ్చిదన్నారు. తాను చేసినది తప్పేమోనని ఆ తల్లి కూడా కుమిలిపోయింది.

కొన్నాళ్లకు దానియేలు కొండ దిగి వచ్చాడు. ఆయన వెంట గూడెం పెద్దా, సామల బుట్టలు మోసుకుంటూ కొందరు గూడెం ప్రజలూ వచ్చారు. లూదియమ్మ చేట దించిన ఆ సాయంత్రమే కొండ మీద పోడు మంట గాలికి ఎగసి గడ్డి ఇళ్ల మీదికి రాగా, ఈ క్రొత్తమనిషి అడుగుపెట్టినందుకే ఆపద వచ్చిందని కొందరు ఆయనను వెళ్లగొట్టబోయారట. దిగువన తనవారు వేడుకొంటున్న వేళ ఇదేనని చెప్పి ఆయన మోకరించగా, గాలి ఉన్నట్టుండి పడిపోయిందట. అందరూ కలిసి పచ్చికొమ్మలతో మంటను చావగొట్టి ఇళ్లను కాపాడుకొన్నారట.

"మమ్మల్ని చూడనైనా చూడకుండా మాకోసం మొక్కింది ఎవరు?" అని పెద్ద అడిగాడు.

సంఘమంతా తలలు వంచుకొంది. సంతోషమ్మే ముందుకు వచ్చింది. "మా కోడలయ్యా. గాలొచ్చినా చేట దించింది. నేనే నోటికొచ్చినట్టు తిట్టాను."

గూడెం ప్రజలు బుట్టలన్నీ ఆ కళ్లంలోనే కుమ్మరించారు. ఆ యేడంతా ఆ బిడ్డలు సామల అన్నమే తిన్నారు.

నేడు అక్కడ ఒక చిన్న ప్రార్థనాలయం ఉంది. ఏటేటా కొండ నుండి సామలు వస్తాయి. చుట్టుపక్కల కళ్లాలలో నేటికీ పొద్దువాలే వేళకు స్త్రీలు చేటలు దించి, సువార్తకై వెళ్లినవారిని పేరుపేరునా తలుచుకొంటారు. మంచి గాలి పోతోందని క్రొత్తకోడలెవరైనా తొందరపడితే, పోనిమ్మని చెప్పేది అత్తగార్లే.