తట్టేదాకా లేవకు

అబ్బబ్బ, ఆ నల్లపెట్ట పొదుగుడు చూసి చూసి నాకు విసుగొచ్చేసింది. పక్కనే కట్టేసి ఉండే గేదెను, ఎక్కడికని పోను? దాంతోపాటే పొదగడానికి కూర్చున్న ఎర్రపెట్ట అప్పుడే పిల్లల్నేసుకుని పెంటదిబ్బ మీద ఊరేగుతోంది. ఇది మాత్రం గంపలోంచి కదలదు. ఇంటావిడ దీని కింద పెట్టింది బాతుగుడ్లు, వాటికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ఆ సంగతి దీనికీ తెలీదు, అప్పటికి నాకూ తెలీదు.

"కాసేపు లేచి తిరగవే, చిక్కి సగమయ్యావు," అన్నాను.

"మా కోళ్ళ శాస్త్రంలో ఏముంది? పిల్ల లోపలినుంచి తట్టేదాకా లేవకు అని. తట్టలేదుగా! ఒళ్ళంతా పేలు కుడుతున్నాయి, కాళ్ళు తిమ్మిరెక్కాయి, మధ్యలో నువ్వొకత్తివి నా ప్రాణానికి!" అని కసిరింది.

అంతలో దడి సందులోంచి ముంగిస దూరింది. మొహం నిండా జాలి.

"అయ్యో వదినా! శాస్త్రం నేనూ విన్నాను. పక్కపెట్ట లేస్తే నువ్వూ లేవాలని ఉంది అందులో. నీ గుడ్లు మురిగిపోయాయి. నువ్వు లే, నేను మోసుకెళ్ళి పారేస్తా."

"మా అమ్మ చెప్పిన శాస్త్రంలో పక్కపెట్ట ఊసే లేదే మరిదీ!"

"నీ మంచికే చెబుతుంటే వినవేం? అన్నీ మురిగాయి, నా మీదొట్టు!"

నల్లపెట్ట నిజమేనేమో అన్నట్టు గుడ్లకేసి చూసుకుంది. కాసేపటికి, గంప అంచుకి తను ఎప్పుడో నెట్టేసిన గుడ్డొకటి ముక్కుతో కిందికి దొర్లించింది.

"సరే, ముందు ఇది పారేసి రా."

పారేయడమా! ముంగిస అక్కడికక్కడే కసుక్కున కొరికింది. అంతే, థూ థూ! పెరడంతా కంపు.

"అదొక్కటీ చెడిందని నాకెప్పుడో తెలుసు," అంది నల్లపెట్ట. "మురిగిందని ఒట్టేసినవాడివి, అంత ఆత్రంగా కొరికావేం మరిదీ? నీ మాట నువ్వే నమ్మవు, నన్ను నమ్మమంటావా?"

ముంగిస కక్కుకుంటూ దడి దాటింది. నేను నవ్వలేక చచ్చాను.

కొన్నాళ్ళకి ఓ పొద్దున గుడ్డు లోపలినుంచి టక్ టక్. బాతుపిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, చదునైన ముక్కులేసుకుని.

"ఇవేం ముక్కులే తల్లీ! ఇన్నాళ్ళూ ఒళ్ళు హూనం చేసుకున్నది వీటికోసమా?" అని విసుక్కుంటూనే అన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంది నల్లపెట్ట. "పోనీలే, తట్టేదాకా కూర్చోమంది గానీ, ముక్కులెలా ఉంటాయో శాస్త్రం చెప్పలేదుగా."

అందుకే చెబుతున్నా, ఓపిక పట్టమన్న మాటను నమ్మాక, ఇంకా ఎన్నాళ్ళో పక్కవాణ్ణి చూసి లెక్కెయ్యొద్దు.