జిలానీ తెచ్చిన యంత్రం

ముందు జిలానీ ప్రశ్న వచ్చిందో, ముందు కరీముల్లా శవం వచ్చిందో నాకిప్పుడు గట్టిగా గుర్తులేదు. ప్రశ్నే ముందనుకుని రాస్తున్నాను. వెనకాముందైతే మన్నించండి.

సముద్రపొడ్డున హుస్సేన్ షా అనే ఫకీరు ఉండేవారు. జిలానీ, కరీముల్లా ఇద్దరూ ఆయన శిష్యులే. చిన్నప్పుడు ఆయన దగ్గర ఒకే పళ్లెంలో తిన్నవాళ్ళు.

ఆ తీరంలో గ్యాస్ పడింది. అక్కడి పనుల్లో స్థానిక కంపెనీకి వాటా ఇవ్వాలని, ఊరివాళ్ళకు పని దొరకాలని నిబంధన పెట్టారు. జిలానీ తన పేరు మీద ఒక కంపెనీ పెట్టి ఆ వాటా తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న పనంతా ఒక బయటి కంపెనీకి అప్పగించాడు. వాళ్ళు తమ యంత్రాలతో, తమ మనుషులతో వచ్చి దిగారు. జిలానీది సంతకం ఒక్కటే.

కరీముల్లా పైపుల వెల్డింగు నేర్చుకుని ఆ పని కోసమే కనిపెట్టుకుని ఉన్నాడు. అడిగినప్పుడల్లా జిలానీ, "వచ్చే నెల చూద్దాంలేరా" అనేవాడు. చూసి చూసి కరీముల్లా పరాయి దేశపు చమురు బావులకు వెళ్ళిపోయాడు.

ఒకనాడు జిలానీ గురువు దగ్గరికొచ్చాడు.

"బాబా, స్థానికుడి పేరు కావాలంది చట్టం. నేను స్థానికుణ్ణే. పేరిచ్చాను. ఇందులో తప్పేముంది? మరి నాకు నిద్రెందుకు పట్టదు?"

హుస్సేన్ షా తాగమని మంచినీళ్ళిచ్చారు.

ఆ వానాకాలంలోనే కరీముల్లా పెట్టెలో తిరిగొచ్చాడు. అక్కడ పైపు పేలిందన్నారు.

మా వైపు గోరీ తవ్వడానికి కూలివాళ్ళను పెట్టరు. పోయినవాడి తోటివాళ్ళే తవ్వాలి. నేలంతా నాని బురదగా ఉందని జిలానీ మట్టి తవ్వే యంత్రాన్ని వెంటబెట్టుకొచ్చాడు. దాని తలుపు మీద అతని కంపెనీ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది.

ఫకీరు దానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవరిది బేటా ఇది?"

"మనదే బాబా. పేరు చూడండి."

"చూశాను. నడిపేవాడో?"

"వాళ్ళ మనిషి."

"యంత్రం?"

జిలానీ తల దించుకున్నాడు. "అదీ వాళ్ళదే."

కరీముల్లా మేనమామ మస్తాన్ ఉండబట్టలేకపోయాడు. "రేపు గోరీ మీద రాయి పెడతాంగా బాబా, దాని మీదా తన పేరే రాయించుకుంటాడు లెండి!"

ఫకీరు అతన్ని చేత్తోనే వారించారు. మసీదు గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టారు. పెద్ద వయసు. నాలుగు పారలు వేయగానే ఆయాసం వచ్చింది. అయినా ఆపలేదు.

జిలానీ పరిగెత్తుకెళ్ళాడు. "నాకివ్వండి బాబా."

ఆయన ఇచ్చేశారు.

జిలానీ తెల్లబట్టలతోనే గుంటలోకి దిగాడు. తవ్వేకొద్దీ నీరు ఊరుతోంది. గట్లు విరిగి పడుతున్నాయి. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. మోకాళ్ళ లోతుకు వచ్చేసరికి పార కర్ర పట్టుకుని నిలబడిపోయాడు.

"బాబా, వీడు నన్ను పనే కదా అడిగాడు..."

హుస్సేన్ షా గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"లోతు చాలలేదు బేటా. తవ్వు."

రజియా, నా రాతలు సాపు చేసేది నువ్వే కదా, దీన్ని అచ్చుకు పంపేముందు పేర్లొకసారి చూడమ్మా. పోయినవాడు కరీముల్లాయే కదూ? ఒకరి పనికి ఇంకొకరి పేరు పడకూడదు.